నల్లా గుంతలో నీలిమందు

తిమ్మకుంటలో భూమక్క ముక్కు గురించి చెప్పుకునే కథలన్నీ నమ్మితే, ఆ ముక్కుకు విడిగా ఒక పోలీసును కాపలా పెట్టాల్సి వస్తుంది. ఒకసారి ఎల్లారెడ్డి బస్టాండులో పల్లీలు నములుతూ కూర్చున్న మనిషి ఉన్నట్టుండి తలెత్తి గాలి పీల్చి, "మన ట్యాంకిల మందు తక్కువైంది" అని, ఆటో ఎక్కి ఏడు కిలోమీటర్లు వెనక్కి వచ్చేసిందట. వచ్చి చూస్తే నిజంగానే చారెడు తక్కువుందట. ఇంకోసారి ట్యాంకులో కప్ప పడితే నిచ్చెన ఎక్కకుండా కిందనే నిలబడి, అది ఎవరి పొలంలోంచి వచ్చిన కప్పో చెప్పిందట. ఆ పొలం ఆసామి వచ్చి కప్పను గుర్తుపట్టి ఇంటికి తీసుకుపోయాడని ఒట్టేసి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

నిజం వీటన్నిటికంటే చిన్నది, వీటన్నిటికంటే గట్టిది. భూమక్క తన ముక్కును ఒక్కనాడూ నమ్మలేదు. ఆమె నమ్మింది ఒక చిటికెన వేలంత సీసాలోని చుక్కల మందును. నల్లా నీళ్లు గాజు గొట్టంలో పట్టి, నాలుగు చుక్కలు వేసి, ఊపి, వెలుతురులో చూస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. తిరిగితే వాటిలో క్లోరిన్ ఉన్నట్టు, క్రిములు బతికే వీలు లేనట్టు. తిరగకపోతే ఆ నీళ్లకు కాపలా లేనట్టు. "పెసరపప్పు రంగు రావాలె. కందిపప్పు రంగు వస్తే మందు ఎక్కువైనట్టు, ఏ రంగూ రాకపోతే మనం దవాఖాన తొవ్వ పట్టినట్టు" అనేది ఆమె.

అసలు ఊరి నీళ్ల ట్యాంకు చూసే ఆ పని ఆమెది కాదు, ఆమె భర్త పర్శరాములుది. పద్నాలుగేళ్ల కిందట అతనికి దుబాయి వీసా వస్తే, "మూడు నెలలు నువ్వు చూస్కో, అటెన్క ఎవలన్న వస్తరు" అని ట్యాంకు తాళం చెవి ఆమె చేతిలో పెట్టి విమానం ఎక్కాడు. ఎవరూ రాలేదు. తొమ్మిదేళ్ల తర్వాత పర్శరాములే వచ్చాడు. వచ్చిన రోజు అన్నం పెడుతూ భూమక్క ముందే చెప్పేసింది. "నువ్వు ఏం అడిగినా ఇస్త. తాళం చెవి మాత్రం అడగకు."

అప్పటికి ఆమె చేతికి ఆ పని ఎక్కిపోయింది. బీడీలు చుట్టిన చేతులు కాబట్టి తూకం వేళ్లకే తెలుసు. అయినా పావుకిలో బ్లీచింగ్ పౌడర్‌ను కాటా మీద తూచకుండా ఎన్నడూ పోయలేదు. పౌడర్‌ను బకెట్‌లో నీళ్లు పోసి పిసికి, సున్నం అడుక్కు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసేది. పోశాక అరగంట దాకా, దేవుడు దిగి వచ్చి బిందె పట్టుకుని నిలబడ్డా వాల్వు తిప్పేది కాదు. క్లోరిన్ క్రిములను చంపడానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి మరి.

నిరుడు వానాకాలంలో వాగు పొంగి, ఊరికి శుద్ధి చేసిన నీళ్లు తెచ్చే పెద్ద పైపు కొట్టుకుపోయింది. బాగుచేయడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అందాకా ఊరి చివర ఉన్న పాత వ్యవసాయ బావి నీళ్లే దిక్కయ్యాయి. బావి మీదికి కానుగ చెట్లు వంగి ఉంటాయి. రాలిన ఆకు నీళ్లలో నాని నాని, తోడితే నీళ్లు పలుచటి చాయ్‌లా వచ్చేవి. భూమక్క ఇద్దరు కూలీలను పెట్టి ఆకంతా తీయించింది. నీళ్లను ముందు నేలసంపులో నింపి, పటిక తిప్పి, మడ్డి అడుక్కు దిగాక పైనీళ్లను మాత్రం ట్యాంకుకు ఎక్కించింది. అయినా ఆ నీళ్లకు మామూలు కంటే మందు ఎక్కువే పట్టింది, మామూలు కంటే వాసన ఎక్కువే వచ్చింది.

ఊరు రెండుగా చీలింది. సగం మంది వాసన వస్తోందని తిట్టారు. మిగిలిన సగానికి పెద్ద మాజీ సర్పంచ్ రాజలింగు. పదవి పోయి ఏడాది దాటినా హుకుం పోని మనిషి. ఆయన వాసన చాలదని తిట్టాడు.

"ఏందమ్మా భూమక్కా, నీళ్ల దగ్గర నిలబడితే ముక్కు సుర్రుమనాలె. సుర్రుమంటలేదు. మందు కలుపుతున్నవా, దాచిపెడుతున్నవా?"

"ముక్కుతోని తాగుతరా అన్నా నీళ్లు? నోటితోని తాగున్రి, మంచిగుంటయ్."

"నా హయాంల ఒకపారి ఊళ్లె వాంతులు మొదలైతే సంచికి సంచి గుమ్మరిచ్చిన. మూడొద్దులు ఊరంతా కండ్లు మండినయ్ గని ఒక్కలకు గూడ ఏం కాలె."

"కండ్లు మండి ఎవ్వలూ తాగలే. తాగకపోతే ఏమైతది?"

రాజలింగు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సోమవారం పొద్దున కింది వాడలో గంగమణి కోడలు అనిలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. గంగమణి, భూమక్క ఇరవై ఏళ్లుగా ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. ఒకరిని ఒకరు వదినె అని పిలుచుకుంటారు. మధ్యాహ్నానికి అనిల కళ్లు గుంటలు పడ్డాయి. ఆటోలో ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. మంగళవారం నాటికి పదకొండు మంది. అందరూ కింది వాడవాళ్లే.

భూమక్క దవాఖానకు పోతే గంగమణి కోడలి మంచం పక్క నుంచి లేవలేదు. తల తిప్పి గోడ వైపు చూసింది.

"వదినె, పిల్ల ఎట్లున్నది?"

"నీ నీళ్లు తాగింది. ఎట్లుంటది?"

భూమక్క వెనక్కి వస్తూ దారంతా తన పనినే తిరగేసుకుంది. మందు తూచింది. అరగంట ఆగింది. ట్యాంకు దగ్గర చూసింది, కింది వాడ చివరి నల్లా దగ్గరా చూసింది, రెండు చోట్లా పెసరపప్పు రంగే. తప్పు ఎక్కడ జరిగింది? ఇంటికి వచ్చాక అడిగింది పర్శరాములును కాదు, తనను తానే. బుధవారం తెల్లారగానే మూడు శుభ్రమైన సీసాల్లో ట్యాంకు నీళ్లు, మొదటి నల్లా నీళ్లు, చివరి నల్లా నీళ్లు పట్టి, టిఫిన్ క్యారియర్‌లో మంచుముక్కల మధ్య పెట్టుకుని కామారెడ్డి బస్సు ఎక్కింది. పక్క సీటు పెద్దాయన క్యారియర్‌లో ఏం కూర అని అడిగితే, "నీళ్ల కూర" అంది. తాడ్వాయి దాటేదాకా ఆయన ఆమె వైపు మళ్లీ చూడలేదు.

కామారెడ్డిలో నీళ్లు పరీక్షించే ల్యాబులో పల్లవి అనే అమ్మాయి పనిచేస్తుంది. తెల్ల కోటు, ఒంటి జడ, మనిషిని చూడకుండా సీసాను చూసి పలకరించే అలవాటు. సీసాలు మూడూ తీసుకుని చీటీలు అంటించింది.

"క్రిములు ఉన్నయా లేవా తెల్వాలంటే రెండు రోజులు పడతది అక్కా. శుక్రవారం పొద్దున నేనే ఫోన్ చేస్త."

"అందాక మందు రెండింతలు చేయమంటవా బిడ్డా? ఊళ్లె సంచి గుమ్మరించమని ఒకటే లొల్లి."

పల్లవి అప్పుడు మొదటిసారి తలెత్తి మనిషిని చూసింది. "బావి నీళ్లల్ల ఆకు ఉన్నదన్నవు కదా. ఆకు నానిన రసం, క్లోరిన్, రెండూ కలిస్తే కొత్త రసాయనాలు పుడతయ్. వాసనకు తెల్వవు, రంగుకు తెల్వవు. ఇయ్యాల తాగితే ఇయ్యాల ఏం కాదు. ఏండ్ల తరబడి తాగితే ఒంటికి మంచిది కాదు. అందుకే వాటికి గూడ ఒక హద్దు పెట్టిన్రు, దాటొద్దని."

"మరి మందు తగ్గించాల్నా?"

"అది మాత్రం చేయకు! క్లోరిన్ లేకపోతే క్రిములు రేపే పడగొడతయ్. ముందు ఆకు తీయి, మడ్డి తీయి, నీళ్లు తేటగ చెయ్యి. అప్పుడు తక్కువ మందుతోనే పని అయితది, ఆ చెడ్డవి గూడ తక్కువ పుడతయ్."

"నేను చేస్తున్నది గదే."

"అయితే నువ్వు చేస్తున్నదే సరైంది" అంది పల్లవి. ఆ కొత్త రసాయనాలు కొలిచే మిషను హైదరాబాదులో ఉందని, అక్కడికి కూడా ఒక సీసా పంపిస్తానని చెప్పింది.

భూమక్క ఊరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ట్యాంకు కింద గుంపు. తాళం పగలగొట్టి ఉంది. నిచ్చెన చివర రాజలింగు. భుజాన ఖాళీ సంచి, తల నుంచి కాలిదాకా తెల్లటి పొడి, రెండు కళ్లలోంచి ధారగా నీళ్లు. జాతర్లో వేషం వేసినవాడిలా ఉన్నాడు.

"అయింది!" అని పైనుంచి కేక వేశాడు. "పాతిక కిలోలు! ఇగ ఏ క్రిమి వస్తదో రమ్మను!"

భూమక్క గుంపును చీల్చుకుని పోయి ట్యాంకు కడిగేటప్పుడు తిప్పే పెద్ద వాల్వు దగ్గర కూర్చుని రెండు చేతులా తిప్పింది. నలభై వేల లీటర్ల నీళ్లు మురికి కాలువలోకి గర్జించుకుంటూ పోయాయి. పొరుగూరి పశువులు సాయంత్రానికల్లా తెల్లగా మారాయని తర్వాత ఎవరో పుట్టించారు గానీ, అది నిజం కాదు. కాలువ పక్కన గడ్డి మాత్రం వారం దాకా తెల్లగానే ఉంది.

"తాగే నీళ్లు పారబోస్తున్నవ్! పిచ్చి లేసిందా?" రాజలింగు నిచ్చెన సగంలోనే ఆగి అరిచాడు.

"అవి తాగే నీళ్లు కావు. మీరు చేసిన మందు."

పంచాయతీ కార్యదర్శి చక్రధర్ బండి మీద ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రవాడు, ఎవరు ముందు మాట్లాడితే వాళ్లదే న్యాయమనిపించే మెత్తటి మనిషి. ముందు మాట్లాడింది రాజలింగు. మందు సరిగ్గా కలపదు, వేరేవాళ్లు కలిపితే పారబోస్తుంది, పదకొండు మంది దవాఖానలో ఉన్నారు, ఇంకా ఈమె చేతిలోనే తాళం చెవి ఎందుకని అడిగాడు. గుంపులో నలుగురు అవునన్నారు.

"భూమక్కా, పద్ధతి ప్రకారం నేను..." అని చక్రధర్ నీళ్లు నమిలాడు.

"సారు, శుక్రవారం సాయంత్రం దాక ఆగున్రి" అంది భూమక్క. "రోగం ఏడికెల్లి వచ్చిందో నేను చూపెడత. చూపెట్టలేకపోతే తాళం చెవి మీ చేతుల పెట్టి నేనే ఇంటికి పోత. ఎవ్వలూ అడిగే పని లేదు."

ఆ మాట అనేశాక గానీ, తనకు ఇంకా ఏమీ తెలియదన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

గురువారమంతా ట్యాంకు కడగడం, సంపు నింపడం, పటిక తిప్పడంతోనే సరిపోయింది. శుక్రవారం పొద్దున ఏడింటికి పల్లవి ఫోన్ చేసింది. "అక్కా, మూడు సీసాలల్ల ఏ క్రిమీ లేదు. నీ నీళ్లు మంచిగున్నయ్."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు. భూమక్క మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నీళ్లు మంచివైతే పదకొండు మంది ఎందుకు పడ్డారు? ఇదే మాట పోయి చెబితే ఊరు నవ్వుతుంది. నీళ్లు మంచివి, మనుషులే చెడ్డవాళ్లు అన్నట్టు ఉంటుంది.

లేచి నేరుగా గంగమణి ఇంటికి పోయింది. అనిల దవాఖాన నుంచి వచ్చి నులక మంచం మీద పడుకుని ఉంది. గంగమణి పలకలేదు. కానీ ఇంటికి వచ్చిన మనిషి ముందు గిలాస పెట్టకుండా ఉండలేకపోయింది. మంచినీళ్ల గిలాసను నేల మీద టక్కున పెట్టి పోయింది.

భూమక్క గిలాస ఎత్తి, పెదవి దాకా తెచ్చి, ఆగింది. వాసన లేదు. అదే పొద్దున అదే వాడకు తాను వదిలిన నీళ్లలో వాసన ఉంది. కొంగు ముడి విప్పి గాజు గొట్టం, చుక్కల సీసా తీసింది. నాలుగు చుక్కలు వేసింది. ఊపింది. నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి.

"వదినె, గీ నీళ్లు ఏడియి?"

"ఏడియంటే? నీ నల్లాయే."

"నల్లాయి కావు. మందు లేదు వీటిల్ల."

గంగమణి మొహం చిట్లించింది. మాట్లాడకూడదనుకున్న పంతం కంటే తప్పు పట్టిందన్న కోపం ఎక్కువైంది. "మందు లేకపోవుడే మంచిగున్నది. నువ్వు పొద్దున ఇడిసిన నీళ్లు నోట్లె పెడితే దవాఖాన వాసన. అవి బోళ్లకు, బట్టలకు. తాగనీకి మేం ఆఖరి బిందె పడతం."

"ఆఖరి బిందె?"

"నువ్వు వాల్ బంద్ చేసినంక గూడ మా వాడల పావుగంట సన్నగ కారుతది గద. పైపుల మిగిలిన నీళ్లు. వాటికి వాసన రాదు, సల్లగుంటయ్. వాడ వాడంతా అవే తాగుతున్నం, బావి నీళ్లు వచ్చిన కాన్నుంచి."

భూమక్క గిలాస నీళ్లు వాకిట్లో పారబోసింది. బిందెలో నీళ్లు కూడా పారబోయమంది. పదకొండు మంది ఎందుకు పడ్డారో తెలిసింది. పైవాడలో ఒక్కరూ ఎందుకు పడలేదో తెలిసింది. ఎందుకంటే పైవాడలో వాల్వు మూయగానే నీళ్లు ఆగిపోతాయి, వాళ్లకు ఆఖరి బిందె అనేదే లేదు. పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారి కింది వాడలో కారుతాయి. కానీ ఆ నీళ్లూ తాను మందు వేసినవే కదా, మందు ఎటు పోయింది?

జవాబు ఆమెకు తన ఇంట్లోనే దొరికింది.

పర్శరాములు దుబాయిలో ప్లంబరు. "నూరో అంతస్తుకు నీళ్లెక్కిచ్చినోన్ని. షేకు స్నానం జేస్తుంటే కింద నేను పాట వినేటోన్ని" అని చెప్పుకునేవాడు. తిరిగి వచ్చాక పైవాడలో నల్లాలు సన్నగా వస్తున్నాయని తన ఇంటి ముందు మోకాలి లోతు గుంత తీసి, నల్లాను ఆ గుంతలోకి దించాడు. నల్లా కిందికి పోయింది కాబట్టి ధార లావైంది. అది చూసి ఊరు మురిసింది. అడిగినవాళ్లందరికీ గుంతలు తీసిచ్చాడు. మొత్తం ముప్పై ఒకటి. బిందె గుంతలో దించి నింపుకోవాలి కాబట్టి నల్లాలకు తిప్పే చెవులు కూడా తీసేశాడు, అడ్డమని. వానలు పడ్డాయి. గుంతలు నిండాయి. బోళ్లు కడిగిన నీళ్లు, కోళ్లు తొక్కిన నీళ్లు అన్నీ అందులోకే, తెరిచిన నల్లా మూతి ఆ నీళ్లలో మునిగి.

ఆ పొద్దున ఎనిమిదింటికి వాల్వును మళ్లీ కాసేపు తిప్పి, మూసి వచ్చి, భూమక్క తన వాకిట్లో ఆ గుంత ముందు గొంతుక్కూర్చుంది. కదలని నీళ్లు కదిలాయి. నల్లా మూతి దగ్గర చిన్న సుడి తిరిగింది. గుడగుడమని, దప్పికైన బర్రె తాగినట్టు, నల్లా గుంతలో నీళ్లను లోపలికి తాగింది. కింది వాడలో ఎవరో ఆఖరి బిందె పట్టుకుంటున్నారు. ఇక్కడి నీళ్లు అక్కడికి పోతున్నాయి.

పర్శరాములు వెనక నిలబడి చూశాడు. అతని మొహంలో రంగు పోయింది.

"గుంత నేను తీసిందే" అన్నాడు.

"అవ్."

"ఇప్పుడే మట్టి పోసి మూసేద్దాం. రెండు రోజులల్ల అన్ని గుంతలు నేనే మూసేస్త. ఎవ్వలికి ఎందుకు తెల్వాలె? నీళ్లు మంచిగున్నయని ల్యాబుల చెప్పిన్రు, గంతే చెప్పు."

అది సులువైన దారి. భూమక్క ఆ దారి వైపు ఒకసారి చూసింది కూడా. మూస్తే రోగం ఆగుతుంది, మగని పరువు నిలుస్తుంది. కానీ ఎందుకు మూశారో తెలియని ఊరు వచ్చే ఎండాకాలం నీళ్లు సన్నబడగానే మళ్లీ గుంత తవ్వుతుంది. ఆఖరి బిందె మళ్లీ పడుతుంది.

"మూసేద్దువు గని. మూసే ముందు చూపెడదాం. నీ తెల్లంగిలకు పెట్టే నీలిమందు సీసా ఏడున్నది?"

"నీలిమందు ఎందుకు?"

"తే, చెప్త."

సాయంత్రం అయిదింటికి ఊరంతా కింది వాడలో, గంగమణి నల్లా చుట్టూ చేరింది. చక్రధర్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. రాజలింగు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నల్లాలోంచి నీళ్లు వస్తున్నాయి. భూమక్క గాజు గొట్టంలో పట్టి చుక్కలు వేసి అందరికీ చూపించింది. పసుపు.

"గివి నేను పంపుతున్న నీళ్లు. చూసిన్రు గద? ఇప్పుడు పోయి వాల్ బంద్ చేస్త. గంగమణి వదినె రోజు లెక్కనే ఆఖరి బిందె పడతది. ఎవ్వలూ తాగొద్దు, చూస్తే సాలు. సారు, మీరు నాతోని రాన్రి."

వాల్వు మూసి, చక్రధర్‌ను వెంటబెట్టుకుని తన ఇంటి గుంత దగ్గరికి పోయింది. అతని కళ్ల ముందే నీలిమందు సీసా మొత్తం గుంతలో ఒంపింది. గుంత నీళ్లు నీలంగా మారాయి. సుడి తిరిగింది. చక్రధర్ నోరు తెరిచి, మూసి, రిజిస్టరు కింద పడేసుకుని, మళ్లీ తీసుకున్నాడు.

కింది వాడలో గంగమణి బిందె పావు వంతు నిండింది. రాజలింగు ఆవులించాడు. "ఏందిది, గారడా?" అంటుండగానే నల్లా నుంచి సన్నటి నీలి దారం ఒకటి దిగింది. తర్వాత ధారంతా నీలమైంది. ఆకాశం కరిగి పైపులోంచి వస్తున్నట్టు వచ్చింది. చూస్తున్న ఆడవాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. గంగమణి చేతిలో బిందె జారి నీలి నీళ్లు వాకిలంతా పారాయి. నాలుగు ఇండ్ల అవతల నుంచి ఒక కేక, "మా నల్లాల గూడ వచ్చింది!"

అప్పటికి భూమక్క తిరిగి వచ్చింది. వెనక చక్రధర్. ఆ వెనక, తల దించుకుని పర్శరాములు.

"ఏ గుంతల పోసిన్నో చెప్పున్రి సారు" అంది.

"వాళ్ల ఇంటి గుంతలనే" అన్నాడు చక్రధర్. అతని గొంతు ఆ రోజు మొదటిసారి గట్టిగా వినిపించింది. "నేను కండ్లార చూసిన."

రాజలింగు కుర్చీలోంచి లేచాడు. "అంటే... తప్పు నీ ఇంట్లనే ఉన్నదన్నట్టు."

"నా ఇంట్ల, ఇంక ముప్పై ఇండ్లల్ల. గుంతలు తీసింది నా మొగడు. ఆఖరి బిందె తాగింది ఈ వాడ. చివరి నల్లా దగ్గర నీళ్లు వచ్చేటప్పుడే చూసి, ఆగినంక ఒక్కనాడు గూడ చూడంది నేను. నీళ్లకు వాసన ఎక్కువ చేస్తే ఇంకింత మంది ఆఖరి బిందె పడుతుండె అన్నా. మీరు గుమ్మరిచ్చిన సంచి గిన నల్లాలల్లకు పోతే, ఇయ్యాల పదకొండు కాదు, ఎందరయ్యేటోళ్లో."

రాజలింగు ఆ లెక్క మనసులో వేసుకున్నాడు. "మరి తాళం చెవి సంగతి?" అన్నాడు, కానీ ఈసారి అడిగినట్టు అన్నాడు, ఆజ్ఞ వేసినట్టు కాదు.

జవాబు గంగమణి దగ్గర్నుంచి వచ్చింది. "ఎవలకియ్యాలె రాజలింగన్నా? నీకా? నువ్వు నిచ్చెన దిగే లోపల ఊరంతా తెల్లగైతది. ఈ సారుకా? బిందె పడితేనే ఉలిక్కిపడతడు. తన మొగని తప్పు తనే తెచ్చి మా ముంగట పారబోసింది. ఇంకెవలన్న ఉన్నరా గట్ల చేసేటోళ్లు? ఉంటే ముంగటికి రమ్మను, నేనే ఇస్త."

ఎవరూ ముందుకు రాలేదు. చక్రధర్ అక్కడే కింద కూర్చుని రిజిస్టరులో రాశాడు. గుంతలన్నీ పూడ్చాలి. నల్లాలు నేలకు రెండడుగుల పైన ఉండాలి, చెవులు ఉండాలి. వాల్వు మూశాక వచ్చే నీళ్లు ఎవరూ తాగకూడదు. ఇకమీదట నీళ్లు ఆగాక కూడా చివరి నల్లా దగ్గర పరీక్ష చేయాలి. కింద రాజలింగు కూడా సంతకం పెట్టాడు, అందరికంటే పెద్దగా.

నాలుగు రోజుల్లో పర్శరాములు ముప్పై ఒక్క గుంతలూ తానే పూడ్చాడు. మొదటి గుంత దగ్గర తల దించుకుని పనిచేశాడు. పదో గుంత దగ్గర అరుగు మీద వాళ్లకు, దుబాయిలో నేల కింద నల్లా పెడితే జైల్లో వేస్తారని చెప్పాడు. ఇరవయ్యో గుంత దగ్గరికి వచ్చేసరికి, నల్లాలు పైకి ఎత్తాలనే ఆలోచన షేకు తన దగ్గరే నేర్చుకున్నాడు. భూమక్క విని ఊరుకుంది. మనిషి పని చేస్తున్నంతసేపు కథ చెప్పుకుంటే వచ్చే నష్టం ఏముంది?

పెద్ద పైపు బాగయ్యే నాటికి హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. ఆకు రసం, క్లోరిన్ కలిసి పుట్టే ఆ కనబడని రసాయనాలు తిమ్మకుంట నీళ్లలో ఉన్నాయి, కానీ హద్దుకు చాలా లోపల ఉన్నాయి. పల్లవి ఫోన్‌లో చదివి వినిపించింది. "ఆకు తీసినందుకే అక్కా. అదే సంచి పడి ఉంటే నేను ఈ మాట చెప్పకపోతుంటి."

వాడలో కొత్త నల్లా పెట్టాక మొదటి మంగళవారం గంగమణి బిందె పట్టుకుని నిలబడి, భూమక్కను పిలిచి మరీ తిట్టింది. "చూడు వదినె నీ ధార! దారమా, నీళ్లా? బిందె నిండే వరకు నేను వెయ్యి బీడీలు చుట్టొచ్చు. పైకెత్తినవు, సన్నం చేసినవు, మీదికెల్లి వాసన."

"వాసన పోవాలంటే కడిగిన బిందెల పట్టి, మీద పలుచటి బట్ట కప్పి ఒక గంట ఆగు. సగం పోతది."

"గంట ఆగుడా? దప్పికైనోళ్లకు గంటేంది?"

లోపలి నుంచి అనిల వచ్చింది. ఇంకా కొంచెం నీరసంగానే ఉంది. నిండని బిందెలోంచే గిలాసతో ముంచుకుని, వాసనకు ముక్కు ముడుచుకుని, గటగటా తాగింది. అత్త అరవబోయి ఆగింది.

"గీ వాసనకు అలవాటు గావాలె అత్తా" అంది అనిల.

"అలవాటైతది బిడ్డా" అంది భూమక్క. "ఇంకో గిలాస తాగు."

అనిల తాగింది. భూమక్క నీళ్లు ఆగే వేళకు వాల్వు దగ్గరికి నడిచింది. మూసి వచ్చి ఈ నల్లా ముందే నిలబడి, ఇంకేమైనా కారుతుందేమో పావుగంట చూడాలి. ఆ పని ఇకమీదట రోజూ ఉంది.